మూకీ సినిమాల మా అవ్వ సావు

బతికున్న మా అవ్వకు ఊరంతటితోటి శోకాలు పెట్టించిన ఘనత నాది. గా ఆగమంతా ఇప్పటికీ మా ఇంట్ల చారు పోసుకున్నప్పుడల్లా గుర్తుకొస్తది. చారుకు, సావుకు ఏం సంబంధమంటరా? జర ఓపిక పట్టుండ్రి.

తెలంగాణ వచ్చినంక నాలుగైదేండ్లకు, దేవరకొండల డిగ్రీ చదువుతున్న. అమెరికాల మూకీ కాలంనాటి ఒక ఆడ డైరెక్టరు బతుకు గురించి ఫోన్ల చదివిన. టైపు కొట్టే కొలువు చేసుకుంట డైరెక్టరయ్యిందట. మొగోళ్లు నవ్వుతుంటే నోటికాడ భోంగ, అదే మెగాఫోను, పట్టుకొని అందర్ని ఉరికిచ్చేదట. మాటల సినిమాలు రాంగనే ఆమెను మర్శిపోయిన్రట. నాకు కడుపు మండింది. "నీ పేరు నేను నిలవెడ్త తల్లీ, నేను గూడ మూకీనే తీస్త" అని ఒట్టు వెట్టుకున్న. ఆమె నన్ను అడిగిందా? అడగలే. అయినా సినిమా తీసే నా ఫోన్ల మైకు సుత బంద్ వెట్టిన. మూకీ అంటే మూకీనే!

కథేందంటే, ముసలమ్మ సస్తది, అందరు ఏడుస్తరు. ముసలమ్మ ఇంట్లనే ఉన్నది.

"సస్త గని, నాకేమిస్తవు?" అన్నది అవ్వ.

"ఏం గావాలె?"

"నా చింతచెట్టు."

అది వాళ్ల నాయిన ఆమెకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన చెట్టు. పక్కూర్ల ఉన్న అవ్వ తమ్ముడు మల్లయ్య తాత, చెట్టు నాదని ఏటేటా కాయ దులుపుకుంటుండు. అక్కాతమ్ముళ్లకు మాటలు బంద్.

"సినిమా కానియ్యి, ఎట్లనన్న ఇప్పిస్త" అన్న. డైరెక్టరు నోటికి అడ్డేముంది?

తీరా చూస్తే మా పెద్దమ్మ, చిన్నమ్మ ఏడవమంటే కిసకిస నవ్వుతున్నరు. అమెరికామె అయితే నటులకు ఏడుపు రావాల్నని పక్కన ఫిడేలు వాయిపిచ్చేదట. మాకు ఫిడేలు యాడిది? డప్పు యాదగిరి మామను పిలిచిన.

"సావు దెబ్బ కొట్టు మామా."

"వద్దు బిడ్డా. పెండ్లి దెబ్బ వేరు, సావు దెబ్బ వేరు. గది వింటే ఊరు ఆగది."

"మూకీ మామా! సప్పుడే వినవడది."

"సినిమాల వినవడది. ఊర్ల?"

నేను వింటినా? అట్టతోటి చుట్టుకున్న నా భోంగ ఎత్తి "కొట్టూ!" అన్న. మామ కొట్టిండు.

ఇగ సూడు! వాడకట్టంత పొయ్యిలార్పి ఉరికొచ్చింది. వాకిట్ల అవ్వ, మెడల దండ, నొసట రూపాయి బిళ్ల. ఎవ్వరేమీ అడగలే, శోకాలు ఎత్తుకున్నరు. చుట్టాలకు ఫోన్లు పోయినయి, ఆటోల దిగిన్రు.

"ఏందే గీ జనం?" అవ్వ పండ్ల సందున అడిగింది.

"కదలకవ్వా! బంగారం లెక్క వస్తాంది!"

అప్పుడొచ్చిండు మల్లయ్య తాత, చేతుల కొత్త చీర పట్టుకొని. అవ్వ కాళ్ల మీద పడి, "అక్కా, పాపిష్ఠోన్నే! చింతచెట్టు నీదేనే, నాయిన నీకే ఇచ్చిండే! ఒక్కసారి లేసి తమ్మీ అనే!"

అవ్వ లేసి కూసున్నది. "అంటరా తమ్మీ! అందరు విన్నరా?"

సగం జనం గోడలు దునికిన్రు. తాత ఎల్లెలుకల పడ్డడు. నీళ్లు తాపినంక తేరుకొని, "చెట్టా? ఏం చెట్టు? నేనట్ల అన్ననా?" అన్నడు. డప్పు మోతల, శోకాల మోతల చెట్టు నీదేనన్న మాట అవ్వకు, నాకు తప్ప ఎవ్వలకు వినవడకపాయె.

అవ్వ నవ్వింది. "నా మనుమరాలు సినిమా తీసింది. వెట్టవే!"

పెద్దమనుషులందరు ఫోను మీదికి వంగిన్రు. తాత రొమ్ము గుద్దుకుంటుండు. నోరు తెరుస్తుండు, మూస్తుండు.

"సప్పుడు వెంచవే."

"లేదవ్వా."

"లేదంటే?"

"మూకీ అవ్వా."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నా సినిమాకు నోరే లేకపాయె! తాత తువ్వాల దులుపుకొని పోయిండు. చీర మాత్రం అవ్వ వాపసియ్యలే.

సచ్చిందన్న మాట పుడితే ఆయుష్షు పెరుగుతదంటరు. పెరిగింది. పెరిగిందంత నన్ను తిట్టెటందుకే వాడుతాంది. చారు పోసినప్పుడల్లా, "తాగు డైరెక్టరమ్మా, దుకాన్ల చింతపండే" అంటది.

అందుకే ఆ అమెరికా తల్లి భోంగ మీద ఒట్టు: సినిమాలు మాత్రం ఇడువ. కానీ మా అవ్వను మళ్ల సంపాల్సొస్తే, ముందుగాల మైకు చూసుకొనే సంపుత.