పిలార్ ఆంటీ ఇంట్లో మొహమాటం చెల్లదు

మొన్న పొద్దున తలుపు తీసేసరికి కారిడార్ అంతా ఆలివ్ నూనెలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన. పాల ప్యాకెట్ పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాను. పిలార్ ఆంటీ పోయి ఏడాది దాటింది. ఆవిడ ఫ్లాట్‌లో ఇప్పుడు ఎవరో కుర్రజంట అద్దెకుంటున్నారు. వంట వాళ్ళదేనని తెలుస్తూనే ఉంది, అయినా కాళ్ళు అటువైపు కదిలాయి. బుకిట్ బటోక్ అనే ఈ పేటలో, మా బ్లాకులో ఆ వాసన ఆ ఒక్క ఇంట్లోంచే వచ్చేది. స్పెయిన్‌లో పుట్టి, ఇక్కడి చైనీయుణ్ణి పెళ్ళాడి, ఆయన పోయాక కూడా ఈ ఊరు వదలని మనిషి. నాకు స్పానిష్ నేర్పింది ఆవిడే. భాష ఏముంది, కష్టపడితే ఎక్కడైనా వస్తుంది. దాంతోపాటు ఆవిడ నేర్పిన ఇంకొకటి ఉంది, అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

యాభై దాటాక నాకు స్పానిష్ ఎందుకంటే, మా అమ్మాయి శ్రావ్య వల్ల. పాయా లేబర్ అనే పేటలో తన ఆఫీసులోనే పనిచేసే డియేగో అనే స్పెయిన్ అబ్బాయిని చేసుకుంటానని ఒక ఆదివారం టిఫిన్ తింటూ చెప్పింది. పెనం మీద దోసె మాడి బొగ్గయిపోయింది. ఆ షాకు నుంచి తేరుకుంటుండగా అమ్మాయి ఇంకో బాంబు వేసింది. "అమ్మా, వాళ్ళమ్మకి ఇంగ్లీష్ రాదు. నువ్వు మాట్లాడకపోతే నీకిష్టం లేదనుకుంటుంది. తర్వాత నాకే ప్రాబ్లమ్." వియ్యపురాలితో మూగసైగలు చేసే ఖర్మ నాకెందుకని వెళ్ళి పిలార్ ఆంటీ తలుపు కొట్టాను. "శనివారం సాయంత్రం మావాళ్ళు నలుగురు వస్తారు. వచ్చి కూర్చో. మా ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడకూడదు, అంతే," అంది.

ఆ శనివారం తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. లోపల అడుగుపెట్టానో లేదో, గడ్డం ఉన్న ఒకాయన లేచి వచ్చి నా రెండు బుగ్గలకీ తన బుగ్గ ఆనించి గాల్లో ముద్దులు పెట్టాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరాయి మగాడు నా చెయ్యి కూడా ముట్టుకుని ఎరగడు మరి! నేను తేరుకునేలోపు వరసగా అందరూ అదే పని. వాళ్ళకది నమస్కారమట. సరే, అదైపోయింది. తర్వాత ఆంటీ బంగాళదుంపలూ గుడ్లూ వేసి చేసిన మందపాటి అట్టు తెచ్చి, "కావాలా?" అని అడిగింది. మర్యాదకి "వద్దు, గ్రాసియాస్" అన్నాను, అంటే థాంక్స్ అని. అంతే! ప్లేటు పక్కాయన దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ నా వైపు తిరిగి రాలేదు. కడుపు నకనకలాడుతుంటే, వాళ్ళు లొట్టలేసుకుంటూ తింటుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకుంటుంటే ఏడుపొచ్చింది. పిలిచి ఇంత అవమానమా!

మర్నాడు లిఫ్ట్ దగ్గర దొరికితే ఉండబట్టలేక అడిగేశాను. ఆవిడ నాకంటే ఎక్కువ బిత్తరపోయింది.

"నువ్వే కదా వద్దన్నావు?"

"మొదటిసారి ఎవరైనా వద్దనే అంటారాంటీ. మీరు బలవంతపెట్టాలి. అప్పుడు మేము, సరే కొంచెం వెయ్యండి అంటాం."

"మరి నిజంగా వద్దనుకున్న మనిషి ఏమనాలి?"

"వాళ్ళూ వద్దనే అంటారు. మొహం చూస్తే తెలిసిపోతుంది."

"అరుణా, నీ మొహం చదవడం నాకు రాదు. నోరు తెరువు," అంది ఆంటీ.

అప్పటినుంచి నన్ను పట్టుకుని వదల్లేదు. వాళ్ళ భాషలో 'కియెరో' అంటే నాకు కావాలి అని. ఆ ఇంట్లో కాఫీ అయినా, కిటికీ పక్క కుర్చీ అయినా ఆ మాట అంటేనే దొరికేది. అనకపోతే కాఫీ లేకుండానే ఇంటికి రావాలి, ఎన్నోసార్లు వచ్చాను కూడా. ఏం మనిషిరా బాబూ అని తిట్టుకునేదాన్ని. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ నాకిది కావాలని నేను అడిగి ఎరగను. అడగకుండా పెడితేనే ప్రేమ అనుకుంటూ పెరిగినదాన్ని. వియ్యపురాలి కోసం కుశల ప్రశ్నలు, వంటింటి మాటలు చకచకా నేర్చేసుకున్నాను గానీ, ఈ ఒక్క మాట మాత్రం గొణిగేదాన్ని. ఆంటీ "గట్టిగా!" అని కసిరేది.

వియ్యపురాలు కార్మెన్ పెళ్ళికి రాలేకపోయింది. శ్రావ్యకి ఏడో నెల నడుస్తుండగా వచ్చింది. అమ్మాయి ఫ్లాట్‌లో భోజనానికి పిలిస్తే, ధైర్యానికి ఆంటీని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఈసారి బుగ్గలు నేనే ముందు చాపాను. మాటలు బాగానే సాగాయి, నా కోడికూర ఆవిడకి నచ్చింది కూడా. అంతలో కార్మెన్ చెంచా కింద పెట్టి, నాకు అర్థం కావాలని నిదానంగా అడిగింది. "అరుణా, కాన్పుకి అమ్మాయిని నీ ఇంటికి తీసుకెళ్ళాలని ఉందా? లేకపోతే నేను టికెట్ మార్చుకుని ఇక్కడే ఉండి చూసుకుంటాను."

ప్రతి మాటా అర్థమైంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మాకసలు అడిగే విషయమే కాదు. అమ్మాయికి నెల తప్పిందని తెలిసిన రోజే గది సర్దేశాను. అయినా నా పాడు నోరు ఏమందో తెలుసా? "అయ్యో, నాకేం పట్టింపు లేదు. మీరే ఉండండి." ఆవిడ కాదూ కూడదని నన్ను బతిమాలుతుందని ఎదురుచూస్తున్నాను. కార్మెన్ "వాలే" అంది. అంటే, సరే అని. అని మళ్ళీ చెంచా అందుకుంది.

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. శ్రావ్య నావైపు వంగి తెలుగులో నెమ్మదిగా అడిగింది. "నీకు నేను అక్కర్లేదా అమ్మా?" పిలార్ ఆంటీ వైపు చూశాను, ఒక్క మాట వేస్తుందని. ఆవిడ తలెత్తితే ఒట్టు.

కింద బస్టాపులో ఆంటీ మీద విరుచుకుపడ్డాను. "చూస్తూ కూర్చున్నారే! నా బాధ మీకు తెలీదా?"

"తెలుసు. కానీ నీ కూతురు నీకు కావాలని నీ బదులు నేనెందుకు అడగాలి?" అంది. "బస్సు వస్తే నేనెక్కి వెళ్ళిపోతాను. నువ్వూ ఎక్కితే ఈ సంగతి ఇక్కడితో అయిపోయినట్టే."

బస్సు కనిపించేసరికి నాకు దుఃఖం తన్నుకొచ్చింది. వెనక్కి తిరిగి పరుగులాంటి నడకతో పైకి వెళ్ళాను. కార్మెన్ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. గుమ్మంలోనే నిలబడి అరిచినట్టే అన్నాను. "కార్మెన్, నాకు కావాలి. నా కూతురు నా ఇంట్లో ఉండాలి. నాకు కావాలి!"

కార్మెన్ చేతిలో గిన్నె సింకులో పడింది. తడి చేతులతోనే నా భుజాలు పట్టుకుంది. "మరి వద్దని ఎందుకన్నావు? నీకు ఈ పెళ్ళి ఇష్టం లేదేమో, పిల్లని వదిలేసుకున్నావేమో అని నేను హడలిపోయాను. ఈ ఎండకి చస్తున్నాను, మా ఇంటి మీద బెంగతో నిద్ర లేదు. అయినా తల్లి వద్దన్న పిల్లని ఎవరు చూస్తారని ఒప్పుకున్నాను!" గదిలోంచి శ్రావ్య పొట్ట పట్టుకుని వచ్చి, నన్ను పట్టుకుని భోరుమంది.

మనవరాలు మా ఇంట్లోనే బోర్లాపడి పాకింది. పిలార్ ఆంటీ వచ్చి ఒళ్ళో వేసుకుని స్పానిష్‌లో కబుర్లు చెప్పేది. ఆ తర్వాత ఆవిడకి జబ్బు చేసింది. ఆసుపత్రిలో చివరి రోజున, మధ్యాహ్నం వార్డులో నర్సు వచ్చి చూడవచ్చినవాళ్ళు ఇక వెళ్ళాలంది. ఆంటీకి అప్పటికే మాట పోయింది. కళ్ళు నా మీదే ఉన్నాయి. పాత అరుణ అయితే సరేనమ్మా అని సంచీ అందుకునేది, రేపొస్తానని చెప్పి వచ్చేసేది. ఇంటికొచ్చి ఏడిచేది. నేను లేవలేదు. "నాకు ఇక్కడ ఉండాలని ఉంది," అన్నాను ఆ నర్సుతో. ఆ పిల్ల నన్నూ, ఆంటీనీ చూసి, తెర లాగి వెళ్ళిపోయింది. ఇంత తేలికా అని నివ్వెరపోయాను. అడగక నేను పోగొట్టుకున్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆంటీ నా వేలు పట్టుకుంది. సాయంత్రం ఆవిడ ఊపిరి ఆగేదాకా ఆ చెయ్యి నా చేతిలోనే ఉంది.