ఓళిగ తిన్న నోటికి బీరు

నా మాట ఇంతవరకు ఒక్కరు తప్ప ఎవరూ పూర్తిగా వినలేదు. విన్నట్టు తల ఊపినవాళ్లు ఉన్నారు. నవ్వినవాళ్లు ఉన్నారు. సగంలో చెయ్యి కడుక్కోవడానికి లేచి పోయి, తిరిగొచ్చి వేరే వరుసలో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లెవరో నాకు బాగా గుర్తు. అందరికంటే ముందు వినాల్సినవాడు నా తమ్ముడు. మా ఊరి జాతర, పోయిన దేవర నుంచి ఈ దేవర దాకా వాడు వినలేదు. ఇప్పుడు మళ్లీ దేవర వస్తోంది. మా అన్నదమ్ముల పొయ్యి ఒకటిగా ఉంటుందో, రెండవుతుందో తెలియక నాకు అన్నం సయించడం లేదు. అందుకే ఈ పేపరుకు రాస్తున్నాను.

మాది కంబదూరు దగ్గర మెట్ట పల్లె. తమ్ముడు ఊళ్లోనే సేద్యం చేస్తాడు. నేను కళ్యాణదుర్గంలో కాలిన బోరు మోటార్లకు కొత్తగా రాగి తీగ చుట్లు చుట్టే షాపు పెట్టుకున్నాను. వానలు లేని ఏడాది మాకు పని ఎక్కువ. నీళ్లు అందని బోరులో మోటారు ఊరికే తిరిగి కాలిపోతుంది. ‘ఊరు ఎండితే మా అన్న షాపు పండుతుంది’ అని తమ్ముడు ఒకసారి నలుగురిలో అన్నాడు. దాని సంగతి ఇక్కడ ఎత్తను. మరిచిపోయానని మాత్రం అనుకోవద్దు.

మా ఊళ్లో కొన్నేళ్లకు ఒకసారి అమ్మవారికి దేవర చేస్తారు. ఇంటింటా పొట్టేలు కోస్తారు, ఇంటి నిండా చుట్టాలు దిగుతారు. నాయన పోయాక మేమిద్దరం చేన్లు పంచుకున్నాం గానీ దేవర పంచుకోలేదు. ఒకే పొట్టేలు, ఒకే పొయ్యి, తమ్ముని ఇంట్లో. పొట్టేలు వాడి వంతు, చుట్టాలకు బీరు తేవడం నా వంతు. అంతకు ముందు దేవరకూ నేనే తెచ్చాను. తాగినవాళ్లంతా కూర బాగుందని తమ్ముని భార్యను, మా మరదల్ని మెచ్చుకున్నారు. బీరు ఎవరు తెచ్చారని ఒక్కరూ అడగలేదు. బాగున్నప్పుడు తెచ్చినవాడు ఎవరికీ గుర్తుకు రాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దేవర నాడు గడప లోపలికి వచ్చిన మనిషి ముందుగా ఓళిగ, అంటే బొబ్బట్టు, తినాలి. అమ్మవారికి నైవేద్యం పెట్టిన తీపి అది. మిగతావన్నీ దాని తర్వాతే. బెల్లం పూర్ణం పెట్టి కాల్చిన ఓళిగ మీద నెయ్యి పోస్తారు. ఒకటితో వదిలిపెట్టరు. మా మరదలు వడ్డిస్తే వద్దని చెయ్యి అడ్డం పెట్టినా చేతి మీదే వేస్తుంది. ఆ తర్వాత పొట్టేలు కోస్తారు. కూర ఉడికాక, కూరతో పాటే బీరు తెరుస్తాం. తీపికీ బీరుకూ నడుమ ఉప్పూ కారమూ పట్టిన కూర ఉంటుంది. ఎప్పుడూ అంతే కాబట్టి, ఎందుకలా అని ఎవరం ఆలోచించలేదు.

పోయిన దేవరకు ఆ వరుస తప్పింది. గుడి ముందు పొట్టేళ్లను ఇళ్ల వరుస ప్రకారం కోస్తారు. ఆ రోజు మా కంటే ముందు ఉన్న రెండిళ్ల వాళ్లు ఎవరిది ముందని పట్టుబట్టారు. పెద్దమనుషులు పంచాయితీకి కూర్చున్నారు. మా వంతు రాలేదు. ఓళిగలు తిన్న చుట్టాలు పందిట్లో తువ్వాళ్లతో విసురుకుంటున్నారు. తాటాకుల సందుల్లోంచి ఎండ వీపుల మీద పడుతోంది.

తమ్ముని మామ, అంటే మా మరదలి నాయన, గోరంట్ల దిక్కు మనిషి. మాట పెద్దది, పొట్ట ఇంకా పెద్దది. ఆయన నా వైపు తిరిగాడు.

“ఏమప్పా అల్లుడా, ఆ ఐసు పెట్టె పక్కన కాపలా కుక్క మాదిరి కూసున్యావు. యాడికీ పోదులే, మూత తియ్.”

“కూర రానీ మామా.”

“కూర ఎప్పుడొస్చాది? పొట్టేలు ఇంగా ఆడ నిలబడి గడ్డి మేస్తాండాది.”

పందిరంతా నవ్వింది. తమ్ముడు కూడా నవ్వి, “తియ్యన్నా, గొంతులు ఎండిపోతాండాయి” అన్నాడు. తియ్యమన్నది వాడు. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

తీశాను. పెద్దాయన ఒక గుక్క మింగి ముఖం అంతా ముడుచుకున్నాడు.

“ఏందప్పా ఇది? యాపాకు నూరి కలిపినారా?”

పక్కాయన తాగి, “చేదొకటేనా, పులుపు గూడా కొడతాండాది” అన్నాడు. ఇంకొకాయన నోట్లోది కింద ఉమ్మేశాడు. నేనూ తాగాను. అబద్ధమెందుకు, నా నోటికీ అంతే. ఎప్పుడూ తాగే బీరే, ఎప్పుడూ కొనే అంగడిలోదే. అయినా రాగి తీగను నాలుకతో నాకినట్టుంది. నేనూ అంతకు ముందే మరదలి చేతి ఓళిగలు తిని ఉన్నాను. కానీ ఆ క్షణంలో ఓళిగలు ఎవరికి గుర్తొస్తాయి?

“కల్తీ సరుకేమో” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. యాడనో ఒక ఊళ్లో ఇట్లాగే తాగి జనం పడిపోయారంట, ముందు కళ్లు మసకబారతాయంట అని ఒకాయన మొదలుపెట్టాడు. అందరూ దూరంగా ఏదో ఒకదాని వైపు చూడడం మొదలుపెట్టారు. నేను వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ మీది పుర్రె బొమ్మను చూశాను. ఒక కన్ను మూసి చూశాను, రెండో కన్ను మూసి చూశాను. ఆ ఎండలో గాలే అలలు అలలుగా కదులుతుంటే బొమ్మ కదులుతోందో నా కళ్లే తేడా చేశాయో తెలియలేదు. ఇంతమందికీ గ్లాసుల్లో పోసింది నేను.

అంతలో పెద్దాయన లేచి గోడ చాటుకు పోయి కక్కుకున్నాడు. మరదలు “నాయనా!” అని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆయన్ను మంచం మీద పడుకోబెట్టారు. తమ్ముడు ఆయన ముఖం ముందు వేళ్లు పెట్టి, “మామా, ఎన్ని కనపడతాండాయి?” అని అడిగాడు.

“చెయ్యి పక్కకు తియ్‌రా, గాలాడల్యా” అన్నాడాయన.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. అందరూ చూస్తుండగా నా వైపు తిరిగి అన్నాడు:

“యాడ పట్టుకొచ్చినావన్నా దీన్ని? నీ బామ్మర్దులొచ్చింటే వాళ్లకీ ఇదే తాపుతాంటివా?”

నా భార్య అక్కడే ఉంది. ఆమె అన్నదమ్ముల మాట అది. పెద్దాయనకు ఏమైనా అయితే అన్న భయంలో నేనుంటే, వీడు నేను తెలిసి చేశానన్నట్టు అడిగాడు. మామూలు కోపంలో వచ్చే మాట కాదు అది. వాడి చుట్టాలు వేరు, నా చుట్టాలు వేరు అని లోపల ఎప్పటి నుంచో ఉంటే తప్ప అలాంటి మాట బయటికి రాదు.

నేను ఇంటి వెనక్కి పోయాను. అక్కడ నీడలో, నాతో పాటు సామాను పట్టుకొచ్చిన మనిషి కూర్చుని ఉన్నాడు. నా షాపు పక్కన పంచరు షాపు ఆయనది. షుగరు ఉంది కాబట్టి ఓళిగలు ముట్టలేదు. ఒళ్లో తువ్వాలు పరుచుకుని, ఉప్పేసి ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుంటూ అదే బీరు తాగుతున్నాడు.

“తాగొద్దప్పా!” అని సీసా లాక్కున్నాను.

“ఏమైందన్నా? బాగుండాది కదా.”

“చేదు లేదా?”

“బీరన్యాక ఆ మాత్రం ఉండదా? ఎప్పుడూ ఉండేదే.”

“షుగరున్నోడికి అసలు బీరెందుకప్పా నీకు?” అని విసుక్కున్నాను.

“ఓళిగలు వొదులుకున్యా గదన్నా. ఇది గూడా వొదులుకోమంటే ఎట్ల?”

ఆయన ముఖం చూశాను. కళ్లు బాగున్నాయి, మాట బాగుంది. నాకింకా నమ్మకం కలగలేదు. అయినా ఆయన తువ్వాల్లోంచి గుప్పెడు శెనక్కాయలు తీసుకుని నమిలి, ఉప్పు నోరంతా పట్టాక, ఒక గుక్క తాగాను. చేదు వెనక్కి పోయింది. పులుపు లేదు. నాకు తెలిసిన బీరే అది. మళ్లీ తిన్నాను, మళ్లీ తాగాను. వంటింట్లోకి పోయి ఓళిగ ముక్క తెచ్చుకుని తిని తాగాను. మళ్లీ రాగి తీగ.

పరుగెత్తుకుంటూ ముందుకు వచ్చేసరికి తమ్ముడు సీసాలన్నీ వీధి కాలవలో వంచేస్తున్నాడు. చుట్టాలు చుట్టూ నిలబడి చూస్తున్నారు.

“బీరులో ఏమీ లేదు. తీపి తిన్న నోరు అది. శెనక్కాయలు తిని తాగి చూడు” అన్నాను.

“మనిషి పడిపోయింటే శెనక్కాయలంటావేందన్నా! గమ్మునుండు.”

గమ్మునుండు. అదీ నాకు దొరికిన జవాబు.

ఊళ్లో సూదేసే ఆయన వచ్చి పెద్దాయన్ను చూశాడు. కడుపు నిండా నెయ్యీ బెల్లమూ తిని, ఎండలో దబదబా తాగితే ఎవరికైనా ఇట్లే అవుతుంది, నీళ్లు తాపండి అన్నాడు. కూర ఉడికే వేళకు పెద్దాయన లేచి కూర్చుని కూరలోని మూలుగ బొక్క అడిగాడు. తాగిన వాళ్లెవరికీ ఏమీ కాలేదు. అందరూ విస్తర్ల ముందు కూర్చున్నారు. నేను నా విస్తరి ముందు కూర్చుని, ఎవరైనా ఒకరు వచ్చి ఒక మాట అంటారని చూశాను. ఎవరూ అనలేదు. తమ్ముడు నా వరుసలోకే రాలేదు. కూర మాత్రం రెండుసార్లు పంపించాడు.

ఆ తర్వాత నేను ఊరికే కూర్చోలేదు. ఆదివారాలు ఇంట్లో ఒక్కొక్కటి తిని చూశాను. మిరపకాయ బజ్జి తిని తాగితే నోట్లో మంట రెండింతలవుతుంది, బీరు రుచే తెలియదు. కొవ్వున్న వేపుడుతో తాగితే చేదు మెత్తబడుతుంది, నోరు కడిగినట్టుంటుంది. నిమ్మకాయ ఊరగాయ నాకి తాగితే బీరు కాస్త తియ్యగా అనిపిస్తుంది. జిలేబి తిన్నా, బెల్లం ముక్క కొరికినా, ఓళిగ తిన్నప్పుడు జరిగిందే మళ్లీ జరుగుతుంది. ఎవరైనా చూసుకోవచ్చు. ఇందులో మంత్రమేమీ లేదు. నోరు ముందు దేనికి అలవాటు పడిందో, తర్వాత వచ్చేది దాన్ని బట్టి మారుతుంది.

“నాలుకకు పంచాయితీ పెట్నావు. తీర్పు ఎప్పుడొస్చాది?” అంటుంది నా భార్య. “మీ తమ్మునికి ఒక ఫోను చెయ్యి, కత అయిపోతాది” అని కూడా అంటుంది. నేను చేశాను. ఒకసారి కాదు. “అయిపోయిన కత ఇంగ యాలన్నా” అని నవ్వేస్తాడు. అయిపోయిందని ఎవరు చెప్పాలి? అన్నవాడా, అనిపించుకున్నవాడా?

పోయిన ఎండాకాలం ఒక పెళ్లిలో ఆ పెద్దాయనే నా పక్కన కూర్చున్నాడు. వేపుడుతో బీరు తాగుతూ, “ఇదీ సరుకంటే” అన్నాడు.

“మామా, ఆ పొద్దు నువ్వు కక్కుకున్యది ఇదే బీరు” అని నేను మొత్తం చెప్పాను. ఆయన చివరి దాకా విన్నాడు. ఈ కథ చివరి దాకా విన్న మనిషి ఆయనొక్కడే. విని పొట్ట ఊగేటట్టు నవ్వాడు.

“అయితే నా కూతురు పెట్టిన ఓళిగలకు నువ్వు తిట్లు తిన్యావా అల్లుడా!”

తమ్మునికి చెప్పమని అడిగాను. చెప్తానన్నాడు. చెప్పాడు కూడా. తర్వాత ఫోను చేసి ఏమైందని అడిగితే, ఆయన అన్నాడు: “‘మా అన్న నిన్ను గూడా పట్టుకున్యాడా మామా’ అని నగినాడప్పా.”

ఇప్పుడు దేవరకు చాటింపు వేశారు. మా దిక్కు దేవరకు ఫోనులో పిలిస్తే చెల్లదు. ఇంటి మనిషి గడపలోకి వచ్చి నోటితో పిలవాలి. అది చుట్టాలకు. ఒకే పొయ్యి వాళ్లకు పిలుపు ఉండదు, ఏమి తేవాలో మాట్లాడుకోవడమే ఉంటుంది. ఈసారి వాడు నాతో ఏమీ మాట్లాడలేదు. మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చిన మా ఊరి రైతు, బీరు తెచ్చే పని ఇంకెవరికో చెప్పినారని యథాలాపంగా అన్నాడు. నేను చుడుతున్న చుట్టు లెక్క తప్పి, మోటారంతా విప్పి మొదటి నుంచి చుట్టాల్సి వచ్చింది.

షాపు ముందు బైకు ఆగితే తల ఎత్తుతున్నాను. వాడు పిలవడానికి వస్తే నేను చుట్టాన్ని అయిపోయానని అర్థం. రాకపోతే ఏమని అర్థమో తెలియడం లేదు. నా భార్య కొత్త చీర తీసుకోవాలా వద్దా అని అడిగితే ఏమి చెప్పాలో తెలియడం లేదు. పైగా ఇంకో బెంగ. ఈసారీ వంతు ఆలస్యమై, ఓళిగలు తిన్న నోళ్లకు ఎవరో తెచ్చిన బీరు పోస్తే, ఆ అమాయకుణ్ని నలుగురిలో ఏమంటారో. అప్పుడైనా నా మాట గుర్తొస్తుందని ఒకసారి, ఎవరికీ ఆ గతి పట్టకూడదని ఇంకోసారి అనుకుంటున్నాను.

తమ్ముడా, నువ్వు పేపరు చదువుతావు, ఇది నీ కంట పడుతుంది. దేవరకు పిలువు, పిలవకపో. బీరు ఎవరితోనైనా తెప్పించుకో. నేనడిగేది ఒక్కటే. నీ మామకూ, నీ చుట్టాలకూ నేను తెలిసి చెడ్డ సరుకు తాపానని నువ్వు అనుకున్నావా, లేదా? అనుకోలేదంటే ఆ మాట ఎందుకన్నావు? అనుకుంటే ఇన్నాళ్లు నన్ను అన్నా అని ఎందుకు పిలిచావు? ఫోనులో నవ్వొద్దు. మామతో కబురు పంపొద్దు. కూర పంపొద్దు. నా షాపుకు రా, నిలబడి జవాబు చెప్పు.