బిందెలోంచి వచ్చిన పదకొండో చీటీ

చీటీలు రాసింది నేనే. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని ఊళ్లో పేరు. బడిపంతుల్ని కాబట్టి ఎవరి పక్షమూ కాదని ఇంకో పేరు. ఆ రెండోది ఎంత అబద్ధమో చీటీలు తీసిన రోజే తేలిపోయింది.

తొంభైల చివర మా మండలాఫీసుకి కొత్త ఆఫీసరు వచ్చాడు. పంచాయతీలో ఏ పని ముందు, ఏది వెనక అన్నది సర్పంచి అరుగు మీద నలుగురు కూర్చుని తేల్చేయడం ఆయనకి నచ్చలేదు. ఊరందరి పేర్లతో చీటీలు వేసి పదకొండు తీద్దాం, ఎవరొస్తే వాళ్లే కూర్చుని చెప్తారు, పంచాయతీ దాన్నే తీర్మానం చేస్తుంది అన్నాడు. "ఒరేయ్, ఊరేలడం కూడా లక్కీ డ్రా అయిపోయిందిరా" అని ఆ నలుగురిలో ఒకడైన మా పెదనాన్న నవ్వాడు. పెద్దలంతా నవ్వారు గానీ కాదనలేదు. ఆఫీసరు మోజు ఎన్నాళ్లులే అని వాళ్ల ధీమా.

ఆ పదకొండు మంది ముందు తేల్చాల్సింది మంచినీళ్ల సంగతి. ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు, వచ్చిన పైపులు మాత్రం ఒక వైపుకే సరిపోతాయి. ఒక వైపు బస్టాండు దాటాక కొత్తగా లేచిన డాబాల వీధి. రెండో వైపు పల్లె, అంటే చర్చి చుట్టూ ఉన్న కూలీల ఇళ్లు. డాబాల వాళ్లకి మంచినీళ్ల బావి నాలుగు అడుగుల దూరం. పల్లెకి ఉన్నది ఒక్క చేతిపంపు, ఆ నీళ్లలో ఫ్లోరైడు. అవి తాగి తాగి నలభై ఏళ్లకే నడుములు వంగిపోయిన ఆడవాళ్లు, మోకాళ్లు ముడవలేక పీటల మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేవాళ్లు. రోజూ మా కళ్లెదుటే తీసేవాళ్లు. చూసీ చూసీ మాకు అలవాటైపోయింది, అంతే.

పేర్ల కోసం రేషను డీలరు దగ్గర కార్డుల జాబితా తెచ్చుకున్నాను. ఇంటికొక చీటీ, కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్లది. అక్కడే పప్పులో కాలేశాను. మా వైపు ఇంటాయన పోయినా కార్డులో పేరు మార్పించుకోరు. ఆఫీసుకి పట్టుకెళితే ఉన్న కార్డు కూడా ఊడుతుందని భయం. పోయినాయన పేరు మీదే ఏళ్ల తరబడి బియ్యం తెచ్చుకుంటారు. ఇది నాకు తెలియని సంగతేమీ కాదు. రాసేటప్పుడు తోచలేదు.

చీటీలు తీసే రోజున బడి వరండాలో ఊరంతా చేరింది. పల్లె వాళ్లు మెట్ల కిందే నిలబడ్డారు. ఆఫీసరు స్టీలు బిందెలో చెయ్యి పెట్టి ఒక్కో చీటీ తీసి ఇస్తుంటే నేను చదువుతున్నాను. పది అయ్యాయి. ఐదుగురు పల్లె వాళ్లు, ఐదుగురు మా పెద్దల మాట జవదాటని వాళ్లు. పదకొండోది విప్పాను. పల్లె మనిషి పేరు. రెండేళ్ల కిందట పత్తికి పురుగుమందు కొడుతూ చేలోనే కూలిపోయి చనిపోయినవాడు.

"ఎవరు మాస్టారూ?" అన్నాడు ఆఫీసరు.

"మనిషి లేడండి. పోయాడు."

మెట్ల కింద నుంచి అతని భార్య గొంతెత్తింది. "నేనున్నానుగదండీ మాస్టారూ! ఆ కార్డు మాదేనండి. నేను కూర్చుంటాను."

ఎవరో పగలబడి నవ్వారు. మా పెదనాన్న నావైపు చూశాడు. ఆఫీసరు కూడా నావైపే చూశాడు, ఊరి పద్ధతి నాకు తెలుస్తుందని.

"చీటీ మీద ఎవరి పేరుంటే వాళ్లేనండి" అన్నాను.

అలాంటి రూలు ఎవరూ పెట్టలేదు. అప్పటికప్పుడు నేనే పుట్టించాను. అది పిరికితనమని ఇప్పుడంటున్నాను గానీ, ఆ పూట న్యాయం మాట్లాడాననే అనుకున్నాను. ఇంకో చీటీ తీశారు. డాబాల వీధిలో ఒక పొగాకు రైతు పేరు వచ్చింది.

ఆ పెద్దమనిషి ఒక్క రోజూ రాలేదు. అతనికి బదులు బావమరిది వచ్చి కూర్చున్నాడు. అప్పుడు చీటీ మీద ఎవరి పేరుందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మూడు సాయంత్రాలు మాట్లాడుకున్నారు. నిజం చెప్పాలంటే పల్లె వాళ్లు ఐదుగురూ సర్పంచి కన్నా బాగా మాట్లాడారు. చివరికి చేతులెత్తమన్నారు. డాబాల వీధికి ఆరు, పల్లెకి ఐదు. ఆ తీర్మానం కూడా నా ముత్యాల దస్తూరితోనే రాశాను. తర్వాత ఆఫీసరు బదిలీ అయ్యాడు, ఊరు మళ్లీ అరుగు మీదకి చేరింది.

పల్లెకి కుళాయిలు ఏడెనిమిదేళ్ల తర్వాత గానీ రాలేదు. అదే ఏడు కొత్త రేషను కార్డులకి వివరాలు రాసే డ్యూటీ నాకు పడింది. ఆమె ఇంటికీ వెళ్లాను. గుమ్మం పక్కనే కుళాయి ధారగా పోస్తోంది. ఆమె లోపల మంచం మీద ఉంది. మెడ తిరగదు, కాళ్లు చాపలేదు. కూతురు గ్లాసు పట్టి నీళ్లు తాగిస్తోంది.

నన్ను చూడగానే గుర్తుపట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కూతురి చేత తలగడ కింద నుంచి పాత కార్డు తీయించి నాకిప్పించింది.

"ఈసారన్నా నా పేరు రాయండి మాస్టారూ."

ఇంటి పెద్ద అన్నచోట ఆమె పేరు రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. కార్డులు పంచే నాటికి ఆమె లేదు. ఇప్పుడు కూతురు ఆమె పేరు మీదే బియ్యం తెచ్చుకుంటోంది.