రెండో చరణంలో ఆయన వంతు

మా ఆయన నలభై ఏళ్ళు సినిమా పాటలకి గిటారు వాయించారు. ఎన్ని పాటలకి అంటే ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. నేను పచ్చడి జాడీల మీద కూడా ఏది ఏదో కాగితం అంటించి పెట్టే మనిషిని. ఆయన పాటల మీద మాత్రం ఎవరూ ఆయన పేరు అంటించలేదు. క్యాసెట్ అట్ట మీద పాడినవాళ్ళ పేర్లు, రాసినవాళ్ళ పేరు, ఆఖరికి అట్ట అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా ఉండేవి. ఆయనది ఉండేది కాదు.

అలాంటి మనిషికి ఈ ఉగాదికి సన్మానం చేస్తామని ఇక్కడ అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్ళో తెలుగు సంఘం వాళ్ళు మా అమ్మాయి ఇంటికి వచ్చారు. ఆ సన్మానం పుణ్యమా అని ఆయనకి మతి పోతోందని మా అమ్మాయికి అనుమానం పట్టుకుంది. స్టేజి మీద ఆయన నలుగురిలో నవ్వులపాలవుతారా, ఆ తర్వాత గిటారు అటక ఎక్కుతుందా అన్నదాకా వచ్చింది వ్యవహారం. నేను చదివింది ఐదో తరగతి. సంగీతం గురించి రాయడానికి ఆ చదువు చాలదు. కానీ ఆ గిటారుతో యాభై ఏళ్ళు కాపరం చేసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

పెళ్ళిచూపులప్పుడు "అబ్బాయి సినిమాల్లో ఉన్నాడు" అని చెప్పారు మావాళ్ళకి. ఉన్నమాట నిజమే. బొంతలో దూది ఉన్నట్టు ఉన్నారు. మద్రాసులో పొద్దున తొమ్మిదింటికి ఒక రికార్డింగ్ థియేటరు, మధ్యాహ్నం రెండింటికి ఇంకొకటి. అంటే సినిమా చూసే చోట్లు కావు, పాట రికార్డు చేసే హాళ్ళు. వెళ్ళగానే ఒక కాగితం చేతికిస్తారు. అందులో ఆయన ఎక్కడ వాయించాలో, ఎక్కడ ఊరుకోవాలో రాసి ఉంటుంది. చూసి వాయించి, కాగితం అక్కడే పెట్టేసి ఇంకో హాలుకి పోవడమే. అది తెలుగు పాటో, తమిళ పాటో, తెర మీద ఎవరు గంతులేస్తారో ఆయనకి అక్కర్లేదు.

"ఇవాళ ఏం పాటండీ?" అని అడిగితే, "డి మైనర్" అనేవారు. అదేదో స్వరాల వరస పేరట.

"ఎవరి సినిమా?"

"ఏమో. వాన పాటలా ఉంది."

పక్కింటావిడ మీ ఆయన ఏ హీరోకి వాయిస్తారు అని అడిగితే నేనూ డి మైనర్‌కి అని చెప్పేసేదాన్ని. ఆవిడ ఎవరో అరవ హీరో అనుకుని తలూపేది.

ఆ వాయింపు గొప్పతనం ఏమిటని కమిటీ అబ్బాయి నన్నే అడిగాడు. ఏమని చెప్పను? ఇంట్లో సాధన చేసినప్పుడు వినడానికి అందులో పాటే ఉండేది కాదు. ఒక ముక్క, ఆగడం, మళ్ళీ ఒక ముక్క. కుడి అరచేతి అంచు తీగల మీద ఆనించి, మోగీ మోగకుండా, బియ్యంలో రాళ్ళు ఏరినంత జాగ్రత్తగా వేళ్ళతో మీటేవారు. ఇంకాస్త గట్టిగా వాయిస్తే వినేవాళ్ళకి తెలుస్తుంది కదండీ అంటే, "తెలియకూడదు. పాడేవాళ్ళు ఊపిరి పీల్చుకున్నప్పుడు ఆ కాస్త ఖాళీలో వెళ్ళి వచ్చేయాలి" అనేవారు. దొంగతనానికి వెళ్ళినవాళ్ళు కూడా అంతే కదా అన్నాను నేను. ఆయన నవ్వలేదు. ఏదో మంచి మాట విన్నట్టు తలూపారు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆయన వల్ల రెండోసారి వాయించాల్సి రావడం లేదట. ఎవరో ఒకరు తప్పు చేస్తే అందరూ మొదటినుంచీ వాయించాల్సిన రోజులవి. ఆ తప్పు చేసేవాడు మా ఆయన ఎప్పుడూ కాదని తోటివాళ్ళు మా ఇంట్లో భోజనం చేస్తూ చెప్పేవారు. నా పప్పుచారు తింటూ చెప్పారు కనుక కొంత తగ్గించుకునే విన్నాను.

ఆ వాయింపు వల్ల నాకు నేరుగా దక్కింది పాత తీగలు. మసకబారిన తీగల్ని ఉప్పు జాడీలు కడిగే తపేలాలో మరగబెట్టి, తుడిచి ఇస్తే మళ్ళీ కొన్నాళ్ళు మోగేవి. ఇక మోగనన్న తీగతో బట్టల సబ్బు కోసేదాన్ని. కిటికీ తెరలకి కట్టేదాన్ని. ఇప్పటికీ మా అమ్మాయి వంటింట్లో పనీరు దిమ్మ కోసేది ఆ తీగతోనే. ఈ దేశంలో దానికోసం ప్రత్యేకంగా ఒక కత్తి అమ్ముతారట. అమ్ముకోనీ.

సరే, సన్మానం సంగతి. కమిటీ అబ్బాయి ఒక కాగితం తెచ్చాడు. "అంకుల్, ఇవి మీ టాప్ టెన్ సాంగ్స్. ఆన్‌లైన్‌లో లిస్ట్ దొరికింది. వీటితో ఒక వీడియో కట్ చేస్తున్నాం."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివారు. "ఇందులో ఏవి నావి నాయనా?"

"అన్నీ మీవే అంకుల్! గుర్తు లేవా?"

"వాయించే ఉంటాను. పాడితే చెప్తాను." మళ్ళీ చూసి ఒకదాని మీద వేలు పెట్టారు. "ఇది మాత్రం నాది కాదు. దీన్లో గిటారే లేదు, మాండొలిన్."

అబ్బాయి మా అమ్మాయి వైపు చూశాడు. మా అమ్మాయి నా వైపు చూసింది. అక్కడ పడింది విత్తనం.

నా మనవరాలికి పదహారేళ్ళు. ఇక్కడే పుట్టింది. తెలుగు మాట్లాడితే నాలుక తడబడుతుంది గానీ పాడితే తడబడదు. ఆ కాగితంలోని ఒక వాన పాట తను పాడతానని, తాతయ్య పక్కన వాయించాలని పట్టుబట్టింది. ఫోన్‌లో ఆ పాటకి ఎవరో కొత్తగా వాయించి పెట్టిన, మాటలు లేని సంగీతం దొరుకుతుందట. అది పెట్టుకుని హాల్లో రిహార్సల్ మొదలుపెట్టారు.

పిల్ల పల్లవి పాడింది. ఆయన గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కూర్చునే ఉన్నారు. పిల్ల ఆపింది.

"తాతయ్యా, నువ్వు స్టార్ట్ చేయలేదు."

"నువ్వు ఆపకు తల్లీ, పాడు."

మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అంతే. మూడోసారి మా అమ్మాయి ఆఫీస్ కాల్ మ్యూట్ చేసి వచ్చి నిలబడింది. "నాన్నా, గిటార్ అంటే ఫస్ట్ నుంచి ప్లే చేయాలి కదా. ఊరికే రిథమ్ అయినా కొట్టు."

"నాకిచ్చిన కాగితంలో అంత లేదమ్మా. ఇక్కడ వయొలిన్లు."

"వయొలిన్లు ఎక్కడున్నాయి నాన్నా ఇప్పుడు?"

"లేకపోతే మాత్రం? వాళ్ళ చోట్లో నేను వాయిస్తే వాళ్ళేమనుకుంటారు?"

ఆ వయొలిన్లవాళ్ళలో సగంమంది కాలం చేసి చాలా రోజులైంది. వాళ్ళ కర్మలకి ఈయనే వెళ్ళి వచ్చారు. మా అమ్మాయి నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, "విన్నావా అమ్మా? ఇది ఊరికే ఏజ్ వల్ల కాదు. నెక్స్ట్ వీక్ మెమరీ టెస్ట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నా" అంది.

"మతిమరుపు కాదే. మీ నాన్న మొదటినుంచీ అంతే."

"నువ్వు దేన్నీ సీరియస్‌గా తీసుకోవు."

నిజం చెప్పాలంటే నాకూ భయం వేసింది. బయటికి వేళాకోళం చేశాను గానీ, ఆ పాటలో ఆయన వాయించింది ఎక్కడో, అసలు ఉందో లేదో నాకు మాత్రం ఏం తెలుసు? ఆయన పాటలు నేను ఎప్పుడన్నా కూర్చుని విన్నానా? గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తుంటాను, అంతవరకే నా సంగీతం. ఇక్కడ గిన్నెలు తోమే మిషను ఉంది. దాన్ని నేను గిన్నెలు ఆరబెట్టుకోవడానికి వాడతాను. నేను సింకు దగ్గర రాగం తీస్తుంటే ఆయన వెనక బల్ల దగ్గర కాఫీ తాగుతూ కాలి మడమ నేలకేసి ఆడిస్తుంటారు. నరాల జబ్బేమో చూపించుకోండి అని కూడా అన్నాను ఒకసారి.

పిల్ల ఎంతకీ వినలేదు. "తాతయ్య లేకపోతే నేను కూడా పాడను" అని భీష్మించుకుంది. చివరికి మా అమ్మాయి ఒక ఏర్పాటు చేసింది. పాట మొదలవుతుంది. మొదటి చరణం అయ్యేలోపు నాన్న వాయించకపోతే, కమిటీ అబ్బాయి స్టేజి ఎక్కి శాలువా కప్పేస్తాడు. చప్పట్లు కొట్టించి కిందికి దింపేస్తారు. జనానికి తేడా తెలియదు. ఆ తర్వాత గిటారు పైన అటక మీద పెట్టేద్దాం అంది. ఇది ఆయనకి చెప్పవద్దంది. నేను సరేనన్నాను. రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి. నేనే సరేనన్నాను.

ఫంక్షన్ హైస్కూలు ఆడిటోరియంలో. బయట అల్యూమినియం ట్రేలలో పులిహోర, లోపల ముందు వరసలో పెద్దవాళ్ళు, వెనక వరసల్లో ఫోన్లు చూసుకునే పిల్లలు. కమిటీ అబ్బాయి నా పక్క కుర్చీలోనే శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వేసంకాలం ముంగిట్లో ఉన్నితో నేసిన శాలువా! అది కూడా నిరుటి సన్మానం తాలూకు మడతలతోనే ఉంది. ఆ పొదుపు మాత్రం నాకు నచ్చింది.

వీడియో వేశారు. అందులో మాండొలిన్ పాట కూడా ఉంది. ఆయన స్టేజి మీద తల అడ్డంగా ఊపడం నేను చూశాను.

పిల్ల పాట మొదలుపెట్టింది. పల్లవి అయింది. ఆయన వాయించలేదు. పల్లవికీ చరణానికీ మధ్య సంగీతం ఫోన్‌లోంచి వచ్చింది. వాయించలేదు. వెనకెవరో "పెద్దాయన నిద్రపోయారా ఏంటి?" అంటే, ఇంకెవరో "మైక్ ఆన్ చేయలేదేమో రా" అన్నారు. మొదటి చరణం సగానికి వచ్చింది. అవతల కుర్చీలోంచి మా అమ్మాయి సైగ చేసింది. కమిటీ అబ్బాయి శాలువా దులుపుకుంటూ లేచాడు.

అప్పుడు నా చూపు ఆయన కాలి మీద పడింది. మడమ ఆడుతోంది. తొందర లేదు, ఆగడం లేదు. మా వంటింట్లో బల్ల కింద ఆడే ఆట అదే. నరాల జబ్బూ కాదు, మతిమరుపూ కాదు. ఆయన లెక్కపెడుతున్నారు. వయొలిన్లవాళ్ళని వాళ్ళ చోట్లో వాయించుకోనిచ్చి తన వంతు కోసం కూర్చున్నారు.

నేను అబ్బాయి చేతిలోని శాలువా కొస పట్టుకుని లాగాను. "కూర్చో నాయనా."

"ఆంటీ, అక్క చెప్పారు..."

"అక్కని కన్నది నేను. కూర్చో."

కూర్చున్నాడు. శాలువా నా ఒళ్ళోనే పెట్టుకున్నాను, మళ్ళీ లేవకుండా. మొదటి చరణం అయింది. పల్లవి మళ్ళీ వచ్చింది. హాలంతా కదులుతోంది. ఇది గనక తప్పితే ఆయన పరువుతోపాటు నాదీ పోయినట్టే.

రెండో చరణంలో రెండో లైను పాడి పిల్ల ఊపిరి పీల్చుకుంది. ఆ ఖాళీలో ఆయన వేళ్ళు కదిలాయి. ఒక ముక్క పైనుంచి కిందికి జారి, చివర చిన్న మెలిక తిరిగి, ఆగిపోయింది. అంతే. తుమ్మినంత సేపు కూడా లేదు. ఫోన్‌లోని సంగీతంలో ఆ ముక్క లేదు. దాన్ని తయారుచేసినవాళ్ళు అనవసరం అనుకున్నారు కాబోలు, వదిలేశారు.

ముందు వరసల్లోని పెద్దవాళ్ళందరి నోటినుంచీ ఒక్కసారే "ఆఁ" అని వచ్చింది. నా వెనక ఒకాయన, "ఇది ఈయనదా! ఆ పాట పాడితే నోటితో ఇది కూడా పాడుకుంటాం కదండీ" అన్నాడు. మూడో లైను తర్వాత ఆయన మళ్ళీ అదే వాయించారు. ఈసారి నలుగురైదుగురు దాన్ని నోటితో అందుకున్నారు.

నేను అందుకోలేదు. సింకు దగ్గర నేను తీసే కూనిరాగం అదే. ఏళ్ళ తరబడి, మద్రాసులోనూ, ఇక్కడా. ఎక్కడ విన్నానో కూడా తెలియకుండా పట్టుకున్న రాగం. ఆ మెలిక దగ్గర నేను కాస్త తప్పుతానని కూడా ఆ రోజే తెలిసింది.

పాట అయ్యాక చప్పట్లు బాగానే పడ్డాయి. శాలువా నా ఒళ్ళోంచి తీసుకెళ్ళి కప్పారు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని, కార్‌లో "అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేస్తాలే అమ్మా" అంది. దొరికిన డాక్టరుని ఎందుకు వదులుకోవడం, మోకాళ్ళ సంగతి అడుగుదాం ఉంచు అన్నాను. గిటారు అటక ఎక్కలేదు.

ఇంటికొచ్చాక ఆయన్ని నిలదీశాను. "ఇన్నేళ్ళూ సింకు దగ్గర నేను పాడుతుంటే, అది మీదని ఎందుకు చెప్పలేదు?"

ఆయన శాలువా పాత మడతల మీదే మళ్ళీ మడత పెడుతున్నారు. "చెబితే మానేస్తావని."

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట నిజం కాబట్టి ఇంకా మండింది. ఖచ్చితంగా మానేసేదాన్నే.

మర్నాడు పొద్దున్న గిన్నెలు తోముతూ పట్టుదలగా నోరు మూసుకుని నిలబడ్డాను. తపేలా అయింది, గరిటెలు అయ్యాయి. వెనక బల్ల కింద మడమ ఆడుతూనే ఉంది, నా వంతు వచ్చేదాకా.