కుడిచేతికి తగలని మచ్చ

1999 మే నెలలో నేను రాజమండ్రిలోని ఒక ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి పెద్ద డాక్టర్ని. విభాగం అంటే నేనూ, సిస్టర్ మేరీ గారూ, ఒక ఫ్యానూ. కాబట్టి పెద్ద డాక్టర్నీ నేనే, చిన్న డాక్టర్నీ నేనే.

చర్మం మీది మచ్చలను చలితో మాడ్చే యంత్రం ఉభయగోదావరి జిల్లాల్లో నా ఒక్కడి దగ్గరే ఉండేదని ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి అది యంత్రం కాదు. పుల్లకు చుట్టిన దూది, ఒక స్టీలు ఫ్లాస్కు. ఫ్లాస్కులో ద్రవ నత్రజని. ఆబోతుల వీర్యాన్ని నిలవ ఉంచడానికి పశువుల డాక్టరు గారికి వచ్చే సరుకులోంచి, ఆయన దయవల్ల ప్రతి బుధవారం మాకు కాస్త అందేది. అది తెచ్చే జీపు వచ్చేసరికి పదకొండు దాటేది. ఫ్లాస్కు మూత బిగిస్తే పేలుతుంది, బిగించకపోతే ఆవిరైపోతుంది. అందుకని పరీక్షా వైద్యమూ రెండూ మిట్టమధ్యాహ్నం ఎండవేళే కానిచ్చేవాళ్లం.

అక్కడే వచ్చింది చిక్కు. అంతకు రెండేళ్ల ముందు నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని విశాఖలో నరాల డాక్టరు తేల్చారు. నరాల మీది పొరను ఒంట్లోని రక్షణ వ్యవస్థే తినేసే జబ్బు అది, కరెంటు తీగకు తొడుగు పోయినట్టు. నాకు కుడిచేతి వేళ్లు మొద్దుబారేవి, కాళ్లు తేలిపోయేవి. ఒళ్లు వేడెక్కితే రెండూ ఎక్కువయ్యేవి. ఈ సంగతి మా ఆవిడకూ సూపరింటెండెంటు గారికీ తప్ప ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం నా నడక చూసినవాళ్లు మందు కొట్టాననుకునేవారట. నేను ఆ వస్తువు ముట్టనే ముట్టను. పెళ్లిళ్లలో తప్ప.

ఆ బుధవారం భీమవరం దగ్గర చేపల చెరువులున్న రాజు గారు వచ్చారు. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేని మనిషి. జుట్టూ కనురెప్పలూ కూడా తెలుపే. ఊళ్లో అందరూ ఆయన్ని దొరగారనేవారు. ఏళ్ల తరబడి చెరువు గట్ల మీద ఎండలో తిరిగి చెవుల మీద, మెడ మీద గరుకు మచ్చలు తెచ్చుకున్నారు. ఇవి క్యాన్సరు కావు గానీ, వదిలేస్తే కొన్ని అవుతాయి. రంగు లేని చర్మంలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఆయన అన్నగారిదీ అదే చర్మం, అలాంటి మచ్చే ముదిరి ఆయన చనిపోయారు. రాజు గారి భయమంతా అదే.

ఈ మచ్చలు కంటికన్నా ముందు వేలికి తెలుస్తాయి, గరుకుకాగితం తగిలినట్టు. తడిమి, దొరికినదాని చుట్టూ పెన్నుతో గీసి, ఆ తరవాత నత్రజనిలో ముంచిన దూదిపుల్ల, అదే మా చలిపుల్ల, పెట్టాలి. కుడిచేత్తో తడిమి నాలుగైదు గీతలు గీశాను. మెడ వెనక నున్నగానే ఉందని చెప్పాను. అంతలో కరెంటు పోయి ఫ్యాను ఆగింది.

తరవాత జరిగినదాన్ని డాక్టర్ల సమావేశాల్లో “అనుమానం వచ్చి మళ్లీ పరీక్షించాను” అని వర్ణించేవాణ్ణి. అనుమానమూ లేదు, పరీక్షా లేదు. కాళ్లు తేలిపోయి, పడకుండా ఎడంచేత్తో రాజు గారి మెడ పట్టుకున్నాను. నున్నగా ఉందని అప్పుడే చెప్పిన చోట, మినపగింజంత మందాన గరుగ్గా తగిలింది. చెయ్యి తియ్యలేకపోయాను.

ఆయన తల తిప్పకుండానే అడిగారు.

“ఏవండీ, నన్ను చూస్తున్నారా, నన్ను పట్టుకుని నిలబడ్డారా?”

“రెండూనండి.”

మేరీ గారు స్టూలు వేశారు. కూర్చుని నా జబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. మెడ వెనక మచ్చ మందంగా ఉంది కనుక మాడ్చకూడదనీ, లోపలికి దిగిందేమో తెలియాలంటే కోసి పరీక్షకు పంపాలనీ, కావాలంటే మరో డాక్టరు దగ్గరికి వెళ్లమనీ చెప్పాను. ఈ గీతలన్నా సరైనవేనా అని ఆయన అడిగారు. తెలియదన్నాను.

“మా అన్నయ్యకి డాక్టర్లందరూ తెలుసనే చెప్పారండి,” అన్నారు. ఆ వెంటనే, “మీ వేళ్లు ఎప్పుడు బాగుంటాయండి?”

పొద్దున్నే అన్నాను.

“ఆయ్. చెరువులో చేపకి గాలి చాలుతుందో లేదో మేమూ తెల్లారకుండానే చూసుకుంటామండి. రాత్రికి మా బావగారింట్లో ఉండి ఆరింటికి వస్తాను. మీరు మాత్రం నిలబడి చూడకండి.”

మర్నాడు ఆరింటికి కూర్చుని, ఎడంచేత్తో చూశాను. నిన్నటి గీతల్లో ఒకటి ఉత్తదే. కొత్తవి మరో రెండు దొరికాయి. మందపాటిదాన్ని మా సర్జను గారు కోసి, ముక్కను కాకినాడ ల్యాబుకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా నేను ఎంతో నిబ్బరంగా ఉన్నాను. అంటే రోజూ ఫోను చేసి ల్యాబువాళ్లను విసిగించాను. చివరికి రిపోర్టు వచ్చింది: చెడు మార్పు పైపొరలోనే ఉంది, లోపలికి దిగలేదు, కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయి. ఫోనులో చెబితే రాజు గారు “అయితే గట్టు మీదికి వెళ్లొచ్చాండి?” అన్నారు. టోపీ, నిండు చేతుల చొక్కా ఉంటేనే అన్నాను. మిగతా మచ్చలను ఆ వచ్చే బుధవారం మాడ్చాం.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. గీతలు పొద్దున్న, చలిపుల్ల మధ్యాహ్నం. నా తరవాత మేరీ గారు మళ్లీ తడిమేవారు. ఇద్దరిలో ఎవరి వేలికి తగిలినా గీత పడేది. చలిపుల్ల ఆవిడే పెట్టేవారు, నేను సెకన్లు లెక్కపెట్టేవాణ్ణి. నా జబ్బు సంగతి రోగులకు ముందే చెప్పేవాణ్ణి. కొందరు వెళ్లిపోయారు. నా హస్తవాసి మీద నమ్మకంతో మిగతావాళ్లు ఉండిపోయారు. లేదా, నత్రజని ఇంకెక్కడా దొరకదు కాబట్టి.

వేలికి గరుకు తగలలేదంటే అక్కడ మచ్చ లేదని కాదు. నిజంగానే లేకపోవచ్చు, ఉన్నా వేలికి తెలియకపోవచ్చు. రోగి మెడ మీద చెయ్యి వేసేముందు ఆ రెండోది తేల్చుకోవాలి.