చెవి మీద వేలు

సెలూన్‌లో గడ్డాలు గీస్తూ ఊళ్లో కబుర్లన్నీ ఏకరువు పెట్టే పెదనాన్న, ఆదివారం తమ్ముళ్ల పిల్లలు జుట్టు కత్తిరించుకోవడానికి ఇంటికొస్తే మాత్రం నోరు మెదపడు. పిల్లలు కదలకుండా ఉండాలని ఆయన కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. ఆయన కూతురు ఎదురుగా పీట వేసుకుని కథ చదవాలి, నవ్వొచ్చే కథ మాత్రం కాకూడదు. కత్తెర చెవి దగ్గరికి వచ్చేసరికి ఆయన ఊపిరి బిగపడతాడు. ఎడమచేతి చూపుడువేలు దానంతటదే వెళ్లి చెవిని కప్పేస్తుంది.

ఆ రోజు కుర్చీలో చిన్న తమ్ముడి కొడుకు బుడ్డోడు కూర్చున్నాడు. వాడు కాలుకాలిన పిల్లి. కథలో ఎలుగుబంటి బావిలోకి తొంగి చూస్తోంది. “తర్వాత?” అన్నాడు పెదాలు కదపకుండా. కూతురు పేజీ తిప్పి, బొమ్మ చూసి తనే ఫక్కున నవ్వేసింది. బుడ్డోడు గిరుక్కున తల తిప్పాడు. కత్తెర కసుక్కుమంది. వాడి మెడకు చుట్టిన తెల్లగుడ్డ మీద ఎర్రటి చుక్క పడింది. గుమ్మంలో వాళ్లమ్మ కొయ్యబారిపోయింది.

“బావగారూ, చెవి...”

“చెవికేం కాలేదమ్మా.” ఆయన గుడ్డ మడతేసి చుక్కను దాచాడు, చూపుడువేలు గుప్పిట్లో బిగించాడు.

“పెదనాన్నా, నేను కదల్లేదు కదా?”

“లేదు నాన్నా.” కూతురి వైపు తిరిగాడు. “చదువమ్మా. నవ్వొస్తే నవ్వుకోండి.”

పాత గాట్లున్న మధ్యవేలిని బుడ్డోడి చెవి మీద ఆనించి, మళ్లీ కత్తెర అందుకున్నాడు.