చివర్లో ఒక్క గింజ

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ మూల పాత పుస్తకాలు పరిచేది మేం ముగ్గురం, నీడ మాత్రం ఒక్కరికే. మూసి ఉన్న చెప్పుల షాపు రేకు కింద ఒక్క పట్టా పరిచేంత చోటుంది. దాని కోసం కొట్టుకోకుండా ఆట పెట్టుకున్నాం. సాయంత్రం మూటలు కట్టాక మూడు ముక్కలాట ఆడతాం. పందెం చింతగింజలు. ఆఖరి ఆట ఎవరు గెలిస్తే వచ్చే ఆదివారం నీడ వాళ్లది.

నాంపల్లి బాలకిషన్ అన్న ఈ ఆటలో ఘనుడు. మంచి ముక్కలు పడితే నాలాంటివాడు గుప్పెడు గింజలు పోసి అందరినీ బెదరగొట్టేస్తాడు. ఆయన అలా కాదు. ఆట చివరికి వచ్చాక ఒక్క గింజ పెంచుతాడు. ఒక్క గింజకు ఎవరు వెనక్కి తగ్గుతారు? మేమూ వేస్తాం. మళ్లీ ఒకటి పెంచుతాడు. అలా మమ్మల్ని ఊడ్చేసేవాడు. దెబ్బలు తిని తిని మాకు బుద్ధొచ్చింది. ఇప్పుడు ఆయన ఒక్క గింజ ముందుకు తోస్తే చాలు, ముక్కలు పడేస్తాం.

ఈ ఎండాకాలం ఆయన కళ్లు తిరిగి పుస్తకాల మీదే పడ్డాడు. మళ్లీ ఎండలో కూర్చుంటే దుకాణం బంద్ అని కూతురు ప్రణవి తేల్చి చెప్పింది. ఆదివారం అబిడ్స్ లేకపోతే ఆ మనిషి బతకలేడు. నీడ నువ్వే తీసుకో అంటే మండిపడ్డాడు.

"నాకు ఖైరాత్ ఒద్దు. ముక్కలు పంచు!"

పంచాను. నేను ముందే పడేశాను. ఇక మిగిలింది ఆయన, బడి పుస్తకాలమ్మే నాగరత్నం గారు. ఆవిడది గుంటూరు వైపు. బాలకిషన్ ఒక్క గింజ తోశాడు. వేలు వణికింది. ఆవిడ తన ముక్కల మీంచి చూపు తిప్పి ఆయన మొహమే చూసింది.

"మళ్లీ ఒక్క గింజా? మీతో నావల్ల కాదన్నయ్యా," అని ముక్కలు బోర్లా పడేసింది.

"జూసినవా? గిట్లా ఆడాలె!" అని ఆయన నా వీపు చరిచాడు.

పేక సర్దేది నేనే. ఆవిడ పడేసినవి తిప్పి చూస్తే మూడు రాణులు, దాదాపు తిరుగులేని ముక్కలు. అంతకు మించిన ముక్కలు ఆయన దగ్గర ఉంటే ఆ వేలు వణకదు. తలెత్తాను. చెప్పొద్దన్నట్టు చూసిందావిడ. దణ్ణం పెట్టాలనిపించింది. పేక జేబులో వేసుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆయన నీడలో కూర్చున్నాడే గానీ కుదురు లేదు. ఎదురుగా ఆవిడ నెత్తిన కొంగు కప్పుకుని ఎండలో ఉంది. కాసేపటికి ఆయన సగం పుస్తకాలు మళ్లీ మూట కట్టి చోటు చేశాడు.

"చెల్లే, గీడికి రా. మొన్న నా తాన ఏం లేకుండె. ఉత్తగనే గింజ ఏసి నిన్ను భయపెట్టిన."

"నాకు మాత్రం ఏం పడ్డాయన్నయ్యా? పడితే వదులుతానా?" అంటూ ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

ఆయన మొహం తేటపడింది. ఎండలో మిగిలింది నేనే, జేబులో ఆ మూడు రాణులతో.